దూడ వెనక కాళ్లు

ఖానాపూర్‌లో మా చర్చి కోతపండుగ నాటకంల నాకు దొరికిన వేషం దూడ వెనక కాళ్లు. ముందు కాళ్లు నా చిన్ననాటి దోస్తువి. ఈ సంగతి తెలిసిన కాడికెల్లి చర్చంతా ఒకటే నవ్వు. ఎందుకంటే ఏడాదిగా మా ఇద్దరికి మాటల్లేవు.

నిరుడు ఈస్టర్ ఆరాధనల నేను మూడో చరణం అందుకోంగనే, పాటల బృందానికి పెద్దయిన మా దోస్తు వచ్చి నా చేతుల మైకు గుంజుకున్నడు. నా గొంతు సంగతి నాకు ఎర్కే. కానీ నా భార్య, పిల్లలు, మనుమలు చూస్తుంటే గుంజుకోవాల్నా? మనసుల కోపం పెట్టుకొని, రొట్టె, ద్రాక్షరసం తీసుకునే ప్రభువు బల్లకు రావద్దని మా పాస్టరు అయ్యగారు చెప్తరు. అందుకే అందరు బల్ల కాడికి లేచిపోతే, ఈ కొసకు నేను, ఆ కొసకు ఆయన, ఖాళీ బెంచీలకు కాపలా కూసునేటోళ్లం.

చూసి చూసి అయ్యగారి భార్య, మేమంత అమ్మగారు అని పిలిచేటామె, బైబిల్ల ఉన్న తప్పిపోయిన కుమారుని కథను హాస్య నాటకంగ రాసింది. కొడుకు తిరిగొచ్చిండని తండ్రి విందు కోసం కొవ్విన దూడను కోయిస్తడు గదా, ఆ దూడ తోలుల మమ్మల్నిద్దరిని ఇరికిచ్చింది.

"అమ్మగారూ, జర మనిషి వేషం ఇయ్యరాదు?" అన్న.

"ముందుగాల దూడయి కలిసి నడువుండ్రి. మనుషులైతరో లేదో తర్వాత చూద్దాం."

వెనకున్నోనికి ఏం కనబడది. వంగి, ముందున్నోని నడుము పట్టుకొని పోవాలె. రిహార్సల్ల గూడ మాట్లాడుకోం గనక ఆయన కుడికి తిరిగితే నేను ఎడమకు తిరిగేది. విడివిడిగా మేం రెండు జంతువులం, కలిస్తే ఒక్కటి కూడా సరిగ్గా కాలే!

పండుగ సాయంత్రం చర్చి ముందర పందిరి కిటకిటలాడింది. డప్పు మోగింది. ఒళ్లంత చెమట, తోలు లోపల ఉడుకు. తెర లేచింది. దూడ నాలుగడుగులేసి ఆగింది. నడుము పట్టుకొని ముందుకు నూకిన, కదలలే. ఎప్పుడూ మైకుల ముందు నిలబడే మనిషి జనాన్ని చూసి బిగుసుకపోయిండు!

"నడువురా, వెనక నేనున్న," అన్న. ఏడాది తర్వాత నా మొదటి మాట.

"కాళ్లు లేస్తలేవురా."

"ఎడమది లేపు. నేను గూడ ఎడమదే లేపుతున్న."

లేపినం. జనం చప్పట్లు! ఇంకో అడుగు, ఇంకోటి. దూడ గంతులేసింది. ఆ గంతుల నడుమనే ఆయన, "అరే, ఆనాడు మైకు గుంజుకునుడు నాదే తప్పురా. మాఫ్ చెయ్యి," అన్నడు.

నడుము ఇంకింత గట్టిగ పట్టుకున్న. అంతల నౌకర్ల వేషమోళ్లు దూడను కోతకు తీసుకపోతందుకు మెడకున్న తాడు గుంజిండ్రు, తోలు పర్రుమని చినిగింది. దూడ నడుమ ఇద్దరు ముసలోళ్లం, ఒకరి నడుము ఒకరు పట్టుకొని బయటపడ్డం.

తండ్రి వేషమాయన డైలాగు మరిచి, "ఒక్క దూడను కొయ్యమంటే రెండయినయి, ఇగ విందు పెద్దదే!" అన్నడు. పందిరి లేచిపోయేటట్టు నవ్విండ్రు. అమ్మగారు నవ్వుకుంట కండ్లు తుడుచుకుంటున్నది.

నాటకమైనంక పండుగ విందుల మా దోస్తు నా పక్కనే వచ్చి కూసున్నడు.

"మాఫ్ చేసినట్టేనా?"

"చేసిన."

"అయితే ఆదివారం బల్లకు పోదామా?"

"పోదాం. కానీ గీసారి ముందు నేను నడుస్త."