ఎదురిల్లు, అరగంట

సారు పోయారన్న కబురు మా గల్లీ వాట్సాప్ గ్రూపులో వచ్చింది. పైన నీళ్ల ట్యాంకర్ వచ్చిందన్న మెసేజీ, కింద ఎవరిదో దొరికిన స్కూటర్ తాళం ఫొటో. మధ్యలో ఇది: "మన సోలార్ సారు పొద్దున దవాఖానల చనిపోయిండు. మధ్యాహ్నం ఇంటికి తెస్తరు." దాని కింద ఎవరో కంగారులో బొటనవేలు ఎత్తిన బొమ్మ పెట్టి వెంటనే తీసేశారు. పది నిమిషాల తరవాత మూలింటాయన అడిగాడు: "అయ్యో, చాలా బాధాకరం. మరి ఇప్పుడు మన ఇన్వర్టర్లు ఎవరు చూస్తారండి?" చదవగానే ఒళ్లు మండింది. కానీ ఆయన్ని తిట్టే అర్హత మా గల్లీలో ఎవరికైనా ఉంటే ఉండొచ్చు గాని నాకు లేదు. ఎందుకు లేదో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

కొత్తగూడ చౌరస్తా వెనక గల్లీలో మా ఎదురిల్లు సారుది. ఏదో జిల్లాలో ఐటీఐ పిల్లలకు కరెంటు పని నేర్పి రిటైరై వచ్చారు. చొక్కా జేబులో అందరికీ పెన్ను ఉంటే ఆయనకు సుద్దముక్క ఉండేది. వరండా గోడే ఆయన బ్లాక్‌బోర్డు. ఊపిరితిత్తులు గట్టిపడిపోయే జబ్బు. గదిలో గాలిని పీల్చి అందులోని ఆక్సిజన్‌ను వేరుచేసి ఇచ్చే మిషన్ ఒకటి లోపల గురగురమంటూ ఉండేది. దాని పొడుగాటి గొట్టం ముక్కుకు తగిలించుకుని సారు వరండాలో కుర్చీ వేసుకుని, గల్లీ మొత్తాన్ని తిడుతూ కూర్చునేవారు. మిషన్ ఆగకూడదు కాబట్టి మేడ మీద ప్యానెళ్లు, వరండాలో బ్యాటరీలు పెట్టుకున్నారు. ఆయనకు సోలార్ అంటే అంతే. ఫ్యాషనూ కాదు, పర్యావరణమూ కాదు.

మేము గోదావరి వైపు నుంచి వచ్చి ఈ ఇల్లు కొనుక్కున్న ఏడాదే ప్యానెళ్ల గురించి అడగడానికి వెళ్లాను. ఏ కంపెనీవి మంచివండీ అన్నాను. ఆయన నన్ను ఎగాదిగా చూసి, "నీకు చదువెవడు చెప్పిండు బిడ్డా? వాని జీతం వాపస్ తీస్కోవాలె" అన్నారు. "కంపెనీ ఆఖరుకు అడుగుతరు. ముందుగాల నీడ జూడు." సుద్దముక్క నా చేతిలో పెట్టారు. పక్కింటి వాటర్ ట్యాంకు నీడ మా మేడ మీద ఎక్కడ పడుతుందో పొద్దున తొమ్మిదికి, పన్నెండుకు, మూడుకు గీతలు గీయమన్నారు. ఆదివారం పూట గొడుగు వేసుకుని గీశాను. కింద వరండాలోంచే అరిచారు, "ఒక్క మూలకు నీడ పడ్డా ఆ వరుస మొత్తం నీరసపడతది, మంచిగ గీయి!" అరిచాక చాలాసేపు ఆయాసపడ్డారు. వాళ్లావిడ, మేమంతా ఆంటీ అని పిలిచేవాళ్లం, బయటికొచ్చి నా వైపు చూసిన చూపులో, ఎందుకమ్మా ఆయన్ని మాట్లాడిస్తావు అన్న కోపం ఉంది.

రెండో పాఠం జాబితా. ఇంట్లో కరెంటు తాగేవన్నీ ఒక కాగితం మీద రాసి, వెనక స్టిక్కర్ మీదున్న వాట్లు పక్కన రాసి, ఏది లేకపోతే పూట గడవదో దానికి టిక్కు పెట్టుకురమ్మన్నారు. నేను పదిహేను రాసి పదమూడింటికి టిక్కు పెట్టాను. ఏసీ, గీజరు, నా లాప్‌టాప్, దాని పక్కన రెండు పెద్ద తెరలు, చివరికి చపాతీ మేకర్ కూడా. సారు కాగితం తిప్పి తిప్పి చూశారు.

"గివన్ని లేకుంటే సస్తవా?"

నేను నవ్వాను. ఆయన నవ్వలేదు. ముక్కు దగ్గరి గొట్టం వేలితో తట్టి, "నాకు టిక్కు ఒక్కటే ఉన్నది" అన్నారు. నా తెరలు, లాప్‌టాప్ కలిసి ఆయన మిషన్ తినేదాంట్లో సగం తింటాయని ఆ రోజే లెక్క వేసి చూపించారు. ఆ లెక్క నేర్పినందుకు ఇప్పుడు ఆయనకు కృతజ్ఞత చెప్పాలో, మొత్తుకోవాలో నాకు తెలియదు.

మూలింటాయన ఈ పాఠాలేవీ వినకుండా అందరికంటే ముందు ప్యానెళ్లు పెట్టించి, ఇక కరెంటు పోయినా నాకేం ఫికర్ లేదని గల్లీకంతా మిఠాయి పంచాడు. మర్నాడు మిట్టమధ్యాహ్నం, మండే ఎండలో కరెంటు పోయింది. ఆయన ఇంట్లో ఫ్యాను కూడా తిరగలేదు. సారు పొట్ట పట్టుకుని నవ్వి, దగ్గి, మళ్లీ నవ్వారు. "లైను ఆగితే నీ ప్యానెళ్లు గూడ ఆగుతయి. ఆగాలె. స్తంభం మీద ఒకడు వైరు పట్టుకొని ఉంటడు. నీ ఇంట్లకెల్లి కరెంటు ఎల్లి వాన్ని పట్టుకుంటే? నువ్వు సల్లగ ఫ్యాను కింద కూసుంటవు, వాడు సస్తడు." బ్యాటరీ, దానికి తగ్గ ఇన్వర్టరు ఉంటేనే, లైనుతో తెగదెంపులు చేసుకుని ఇంటివరకు వెలుగుతుందని చెప్పారు. ముందే చెప్పలేదేమని మూలింటాయన అడిగితే, "మిఠాయి తిన్నంక చెప్దామని" అన్నారు.

మా ప్యానెళ్లు దగ్గరుండి పెట్టించారు. గొట్టం ఊడదీసి పావుగంట ఉండగలిగేవారు. ఆ పావుగంటలూ మా మెట్లెక్కడానికి, దిగడానికి, ఎర్తింగ్ గుంటలోకి తొంగిచూసి పనివాళ్లను తిట్టడానికి సరిపోయేవి. ప్యానెళ్లు తెల్లారగట్లే కడగాలి. ఒకసారి నేను మిట్టమధ్యాహ్నం చల్లటి నీళ్లు పోస్తుంటే, "నిన్ను ఎండల నిలబెట్టి ఐసు నీళ్లు గుమ్మరిస్త, ఎట్లుంటదో చెప్పు" అని గల్లీ అంతా వినేట్టు కేకేశారు.

బ్యాటరీల కోసం మా సిటౌట్ మూలలో సుద్దతో ఒక చతురస్రం గీశారు. ఫ్రిజ్జు, రెండు ఫ్యాన్లు, లైట్లు, నా పని బల్ల మాత్రం వేరే బోర్డు మీదికి మార్చి, దాని స్విచ్చులకు ఎర్ర టేపు చుట్టించారు. నేను ఆ మూలలో ఉయ్యాల కావాలన్నాను. బ్యాటరీ వచ్చే ఏడాది చూద్దాం సార్, ముందు ఉయ్యాల వేయించుకుంటాను అన్నాను. ఆయన సుద్దముక్క జేబులో వేసుకుని మెట్లు దిగారు. నాకు గెలిచినట్టనిపించింది.

మా గల్లీలో చక్కెర అడిగినట్టు వైరు అడుగుతారు. కరెంటు పోతే చాలు, బ్యాటరీ ఉన్న ఇంటి నుంచి లేని ఇంటికి పొడుగు వైరు గుంజుకోవడం ఇక్కడి మర్యాద. కాదనడం మర్యాద కాదు. సారు వరండాలో ఒక ప్లగ్గుల పెట్టె, దాని పైన గోడ మీద "ఫోన్లు మాత్రమే". ఎవరు ఏం తగిలించారో, ఎంతసేపో అక్కడే రాసేవారు. తీసేశాక ఆ వరుస అడ్డంగా కొట్టేసేవారు. చదువుకున్న వాళ్ల గల్లీ కదా, కొట్టేయని వరుస ఉంటే సిగ్గుపడి వచ్చి తీసేవారు.

ఆ రోజు తెల్లవారుజామున మొదలైన వాన ఆగలేదు. ఆరింటికి కరెంటు పోయింది. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఏదో కాలిందన్నారు. మా మేడ మీద ప్యానెళ్లు తడుస్తూ పడుకున్నాయి. సారు ప్యానెళ్లకు కూడా మబ్బులోంచి వచ్చేదేమీ లేదు. పదకొండుంపావుకు నాకు క్లయింట్ ముందు చిన్న డెమో ఉంది. మా టీములో అప్పటికే కొందరిని ఉద్యోగంలోంచి తీసేశారు, మిగిలినవాళ్లం బిక్కుబిక్కుమంటూ ఉన్నాం. రోడ్లు మునిగాయి. పదకొండుకు గొడుగు వేసుకుని సారు దగ్గరికి వెళ్లాను.

"సార్, ఒక్క వైరు ఇవ్వండి. ఈ డెమో పోతే నా ఉద్యోగం పోతుందండి."

"ఎంతసేపు?"

"అరగంట సార్."

ఆయన ఇన్వర్టర్ మీది అంకెలు చూశారు. మిషన్ వైపు చూశారు. "సరే, అరగంట" అని సుద్దముక్క తీశారు.

డెమో ఒంటిగంటకు మారింది. తరవాత మూడుకు, తరవాత నాలుక్కు. నేను వైరు తీయలేదు. లాప్‌టాప్ సొంత బ్యాటరీ మీద రెండు మూడు గంటలు నడిచేది, తెరలు ఆపేసినా డెమో జరిగేది. అలవాటు. పెద్ద తెర లేకపోతే చెయ్యి ఆడదు. మధ్యలో ఒక్కసారి లేచి కిటికీలోంచి చూశాను. సారు కుర్చీలోనే ఉన్నారు, చెయ్యి ఊపారు. నేనూ ఊపాను. బ్యాటరీ అయిపోవస్తే సారు ఇన్వర్టరు కూతపెడుతుంది. అది మా హాల్లోకి వినబడుతుంది. నేను చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఉన్నాను.

నాలుగు దాటి పది నిమిషాలకు తెరలు రెండూ ఆరిపోయాయి. నాకు కోపం వచ్చింది. సారుకు మెసేజీ పెట్టాను: "సార్, పవర్ పోయింది. కాస్త చూడండి ప్లీజ్." అది ఇంకా నా ఫోన్లో ఉంది. దాన్ని ఆయన చదవలేదు. లాప్‌టాప్ తన బ్యాటరీ మీద నడుస్తూనే ఉంది. క్లయింట్ల తరఫున ఇద్దరే వచ్చారు, కెమెరాలు కూడా పెట్టలేదు. మిగతావాళ్లు లేరు కాబట్టి వచ్చే వారం పెట్టుకుందామని చెప్పి వెళ్లిపోయారు. హెడ్‌ఫోన్లు తీశాక ఆంటీ కేకలు వినబడ్డాయి.

అవసరానికని ఇంట్లో ఉంచిన చిన్న ఆక్సిజన్ సిలిండర్ అంబులెన్స్ కోసం చూస్తుండగానే అయిపోవచ్చింది. అంబులెన్స్ చౌరస్తా దగ్గర నీళ్లలో నిలిచిపోయింది. మా ఆయన రాయదుర్గంలో ఆఫీసులో ఇరుక్కుపోతే, నేనే కారు తీశాను. వెనక సీట్లో ఆంటీ ఒళ్లో సారు తల. పెదవులు నీలంగా మారాయి. అద్దంలో నన్ను చూసి, ఒక్కో మాటకు ఒక్కో ఊపిరి ఖర్చుపెట్టి అడిగారు.

"పని... అయిందా?"

"అయింది సార్," అన్నాను.

ఆయన కళ్లు మూసుకుని తల ఊపారు. అప్పటికి గల్లీకి ఇంకా కరెంటు రాలేదు. సాయంత్రం ఆరింటికి వచ్చిందట. నాలుగూ పదికి ఆరిపోయింది, ఆరింటికి వచ్చింది. మధ్యలో రెండు గంటలు తక్కువ. పదకొండు నుంచి నాలుగు దాకా నేను తిన్నది, ఆయన మిషన్ తినేదాంట్లో సగం చొప్పున, రెండున్నర గంటలు. ఈ లెక్క డాక్టర్లు వేయలేదు, గల్లీలో ఎవరూ వేయలేదు. నేర్చుకున్నదాన్ని నేనొక్కదాన్నే కాబట్టి నేనే వేసుకున్నాను. సారు రెండు రోజులు వెంటిలేటర్ మీద ఉండి మూడో రోజు పొద్దున పోయారు.

నా ఉద్యోగం పోలేదు. డెమో తరవాతి వారం జరిగింది, అందరూ మెచ్చుకున్నారు కూడా. పోయి ఉంటే కాస్త తేలికగా ఉండేదేమో.

దినాలకు ముందు ఆంటీ నా చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. "నీ పని అయిందంటివి గదా బిడ్డా. నోట్లె గొట్టం ఏసే ముందట నాతోని అదే చెప్పిండు మీ సారు. పాప నౌకరీ నిలబడ్డదని మస్తు సంబరపడ్డడు." నేను ఆమెతో నిజం చెప్పవలసిన క్షణం అది. మంచినీళ్లు తాగుతారా ఆంటీ అని లేచి లోపలికి వెళ్లాను.

ఇల్లంతా సున్నం వేయించారు. వరండా గోడ తెల్లగా మెరిసిపోతోంది, ప్లగ్గుల పెట్టె పైన తలుపంత మేర మాత్రం పాత గోడ అలాగే ఉంది. ఆంటీ పెయింటర్‌ను ముట్టుకోనివ్వలేదు.

"నాకు చదువు రాదు గదా," అంది. "ఆఖరి దినం మీ సారు ఏం రాసిండో జర చదివి చెప్పు."

పై నుంచి చదివాను. పొద్దుగాల ఆరు, లైను బంద్, మిషన్ ఒక్కటే. మూలిల్లు, ఫోన్లు, పావుగంట. చివరి ఇల్లు, ఫోను, పావుగంట. ఆ రెంటినీ అడ్డంగా కొట్టేసి ఉంది. కింద ఇంకో వరుస ఉంది. దాన్ని కొట్టేయలేదు.

"ఆఖరుది?"

"మిషన్ అని రాశారు, ఆంటీ."

ఆమె ఆ అక్షరాలను వేలితో, చెరిగిపోకుండా, ఆనీ ఆననట్టు తాకి కళ్లకద్దుకుంది. ఈ రాసింది కూడా ఆమెకు చదవరాదు. ఆ ధైర్యంతోనే రాస్తున్నాను.

ఉయ్యాల తీయించేసి, సారు గీసిన చతురస్రంలో బ్యాటరీలు పెట్టించాను. ఎర్ర టేపు బోర్డు ఆయన చెప్పినట్టే పనిచేస్తోంది. జాబితా మళ్లీ రాసుకుంటే టిక్కులు మూడే వచ్చాయి. ఆయన చూసి ఉంటే ఏమని తిట్టేవారో ఊహించడానికి ప్రయత్నిస్తాను, తిట్టు దొరకదు. ఎదురింటి మేడ మీద ఆయన ప్యానెళ్లకు ఇప్పుడు పగలంతా ఎండే. పది గంటలకల్లా బ్యాటరీలు నిండిపోయి, వాడుకునేవాళ్లు లేక ఇన్వర్టర్ పచ్చ దీపం వెలుగుతూనే ఉంటుంది. లోపల మిషన్ మీద ఆంటీ దుప్పటి కప్పింది.

పొద్దున నేను లాప్‌టాప్ బ్యాగు తగిలించుకుని గేటు తీసే వేళకు ఆమె వరండా ఊడ్చి, ఆ ఆఖరి వరుస కింద ప్లగ్గుల పెట్టె మీద ఒక నందివర్ధనం పువ్వు పెడుతుంది. నన్ను చూసి తల ఊపుతుంది. గోడ మీద సుద్ద ఇంకా చెక్కు చెదరలేదు. గేటు దగ్గర నుంచి కూడా చదవొచ్చు: ఎదురిల్లు, అరగంట.