ముక్కు తెరిచినవా

షామీర్‌పేట చెరువులో మా చేపల సంఘానికి ఉన్నది ఒకటే మోటారు పడవ. బయటివాళ్లు దొంగతనంగా వలలు వేయకుండా పొద్దునా సాయంత్రం చుట్టు తిరిగే కాపలా పడవ అది. దాన్ని నడిపే పని మా ఆయనది. ఈ వానాకాలం మొదట్లో, పట్టపగలు, అన్నం ముందు కూర్చున్న మనిషి గుండెపోటుతో పోయాడు. రెండు నెలలైనా నాకు ఏడుపు రాలేదు. చుట్టాలు నాది గుండె ధైర్యం అనుకున్నారు. ధైర్యం లేదు, పాడూ లేదు. పన్ను పీకే ముందు సూదేస్తే బుగ్గ మొద్దుబారుతుంది చూడండి, నాకు మనిషంతా అలా ఉండేది.

ఆ పని నాకే ఇవ్వమని సంఘం పెద్దను అడిగాను. ఇంటికి అదే ఆధారం. పైగా పదేళ్లు ఆయనతో పాటు ఆ పడవలో తిరిగినదాన్ని. పెద్ద కాదనలేదు. ఆదివారం పొద్దున అందరి ముందు చెరువు ఒక చుట్టు తిరిగి, ఇంకో పడవ తాడు వేసి లాక్కురాకుండా ఒడ్డుకు చేరితే పని నాదే, లేకుంటే వేరేవాళ్లకు ఇస్తామన్నాడు. న్యాయమే అనిపించింది.

తీరా బుధవారం పడవ దించితే మోటారు పది నిమిషాలు నడిచి, గుక్కపట్టిన పిల్లలా ఆగిపోయింది. పెట్రోలు ట్యాంకు నుంచి మోటారుకు పోయే పైపు మధ్యలో మామిడికాయంత రబ్బరు బుడ్డ ఉంటుంది. దాన్ని నాలుగుసార్లు నొక్కితే పెట్రోలు నిండి గట్టిపడాలి. అది నా చేతిలో చప్పిడిగా పడి ఉంది. కాసేపు వదిలేస్తే మళ్లీ స్టార్టయింది, మళ్లీ ఆగింది. తెడ్డు వేసుకుంటూ ఒడ్డుకు వచ్చాను. చూసినవాళ్లు నవ్వలేదు. నవ్వినా బాగుండేది.

మర్నాడు మోటారును ఆటోలో వేసుకుని దూలపల్లిలో మెకానిక్ దగ్గరికి పోయాను. ట్యాంకు కూడా పెట్టబోతే, పెట్రోలు డబ్బా ఎక్కించనని ఆటో అతను మొండికేశాడు. మామూలుగా అయితే అలాంటివాణ్ణి వదిలే రకాన్ని కాను. ఆ రోజుల్లో మాత్రం ఎవరు ఏమన్నా సరే అంటున్నాను. ట్యాంకు ఇంట్లోనే వదిలేశాను.

మెకానిక్ ఫిల్టర్ మార్చాడు, కార్బురేటర్ విప్పి కడిగాడు. నీళ్ల డ్రమ్ములో మోటారును దించి, తన పైపు తగిలించి, మూత లేని డబ్బాలో పెట్రోలు పోసి నడిపించాడు. అరగంట ఆగలేదు.

"మోటర్ల ఏం లేదక్కా, మస్తుగున్నది. నీకే నడుపుడు వస్తలేదేమో" అన్నాడు.

అదే నిజమేమో అనుకుంటూ తిరిగొచ్చాను.

శుక్రవారం, శనివారం కూడా అదే తంతు. పైపు మార్చాను, బుడ్డ మార్చాను, పాత పెట్రోలు తీసేసి కొత్తది పోశాను. పది నిమిషాలు, అంతే. శనివారం సాయంత్రం పడవలో కూర్చుని, పోతే పోనీ అనుకున్నాను. పని పోతే ఏం తినాలి అన్న భయం కూడా నాకు సరిగ్గా పట్టలేదు.

ఆదివారం పొద్దున సంఘం వాళ్లు కట్ట మీద నిలబడ్డారు. సగం చుట్టు కాకముందే మోటారు ఆగింది. బుడ్డ పట్టుకుంటే లోపలికి పీక్కుపోయి ఉంది. లేవబోతూ ట్యాంకు మీద చెయ్యి ఆనించాను. ప్లాస్టిక్ ట్యాంకు, దాని పక్కలు రెండూ పళ్లూడిన ముసలమ్మ బుగ్గల్లా లోపలికి పోయి ఉన్నాయి. ముక్కు మూసి ఉంది.

ట్యాంకు మూత మీద చిన్న మర ఉంటుంది. పడవ నడిచేటప్పుడు దాన్ని వదులు చేయాలి, దిగాక బిగించాలి. పెట్రోలు తగ్గిన కొద్దీ అందులోంచి గాలి లోపలికి పోవాలి, లేకపోతే పెట్రోలు కదలదు. దాని అసలు పేరు నాకు తెలియదు, మా ఇంట్లో దాన్ని ముక్కు అంటాం. నేను ట్యాంకు పడవలో పెట్టగానే ఆయన వెనక నుంచి "ముక్కు తెరిచినవా?" అని కేకేసేవాడు. ఆ కేక వినబడ్డాకే నా చెయ్యి మర మీదికి పోయేది. "తెరిచిన" అనేదాన్ని. పదేళ్లలో నన్ను పేరు పెట్టి పిలిచినదానికన్నా ఆ మాట అన్నదే ఎక్కువ. ఒకరోజు విసుగొచ్చి, ఇంకోసారి అడిగితే నీ ముక్కు మూస్తానని కూడా అన్నాను. నవ్వాడు.

ఆయన పోయిన రోజు ముక్కుల్లో దూది పెట్టి మధ్య గదిలో పడుకోబెట్టారు. తీసుకుపోయాక ఆ చోట దీపం పెట్టారు. పదకొండు రోజులు ఆరకూడదు. పక్క గదిలో ఉన్న ట్యాంకు నుంచి పెట్రోలు వాసన వస్తోందని, దీపం ఉన్న ఇల్లని ఆడబిడ్డ భయపడింది. నేనే పట్టకారు తెచ్చి ఆ మరను బిగించాను. బిగించిన సంగతి ఆ గంటకే మర్చిపోయాను.

ఇప్పుడు వేళ్లతో తిప్పితే రాలేదు. కొంగు చుట్టి తిప్పాను. సుయ్యిమని గాలి లోపలికి పోయింది, ట్యాంకు పక్కలు టప్పుమని బయటికి వచ్చాయి. బుడ్డ నొక్కితే గట్టిపడింది. తాడు లాగితే మోటారు అందుకుంది. చుట్టు పూర్తి చేసి ఒడ్డుకు వచ్చాను.

నడుమ ఎందుకాగింది అని పెద్ద అడిగాడు. ట్యాంకు ముక్కు మూసి ఉందని చెప్పాను.

"ఎవరు మూసిండ్రు బిడ్డా?"

"నేనే మూసిన కాకా."

పెద్ద రేపటి నుంచి పనిలోకి రమ్మన్నాడు.

సోమవారం పొద్దున ట్యాంకు పడవలో పెట్టి, అలవాటుగా ఆగాను. వెనక నుంచి కేక రాలేదు. కట్ట మీద బస్సు పోతున్న చప్పుడు వినబడింది. ఇంకాసేపు ఆగాను. ఆయన లేడని నాకు అప్పుడు తెలిసింది, రెండు నెలల తర్వాత.

"తెరిచిన" అన్నాను. ఆ ఒక్క మాటకు రెండుసార్లు నోరు తెరవాల్సి వచ్చింది. అప్పుడు మర తిప్పాను.