మా ఇంటి చేతిమాట

పటాన్‌చెరులో బస్సెక్కే మనుషుల దగ్గర ఇప్పటికీ అప్పుడప్పుడు ఇనుమూ, మాడిన నూనే కలిసిన వాసన వస్తుంది. పక్కవాళ్లు ముక్కు మూసుకుంటారు. నేను జరిగి సీటిస్తాను, ఎందుకంటే అది మా నాయన వాసన. పోతిరెడ్డిపల్లిలో మాకున్న కాస్త పొలాన్నీ వాననూ నమ్ముకుని లాభం లేదని, ఆయన పటాన్‌చెరులో ఇనుప రేకులను అచ్చుల్లో పెట్టి గుద్దే ప్రెస్ షాపులో పనికి కుదిరాడు. ఆ షెడ్డులో పొద్దంతా యంత్రాలు దడదడా దిగుతుంటే చెవిలో అరిచినా వినపడదట. అందుకని మనవాళ్లూ, ఒడియా వాళ్లూ, బీహారు వాళ్లూ కలిసి చేతులతోనే మాట్లాడుకునేవాళ్లు. బొటనవేలితో పెదవి కింద తడితే చాయ్, పిడికిలి ఎత్తితే ఆపు, రెండు వేళ్లతో కాలరు పట్టుకుంటే సూపర్‌వైజర్ వస్తున్నాడు.

నాయన ఇంటికొచ్చినా చెవుల్లో హోరు పోయేది కాదు. ముసురు పట్టిన సాయంత్రాలు, పొయ్యి మీద మక్క కంకులు కాలుతూ ఇల్లంతా తీపి పొగ నిండినప్పుడు, జొన్నరొట్టె తుంచుకుంటూ నీళ్లు కూడా చేత్తోనే అడిగేవాడు. అమ్మ విసుక్కునేది, నాకు మాత్రం అదో ఆట. ఆ తర్వాత చెల్లెలు సుజాత పుట్టింది. దానికి ఏడాది దాటాక, దీపావళినాడు వెనకాల లక్ష్మీబాంబు పేలినా అది తల తిప్పలేదు. అమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. నాయనకు ఇంకేం తెలుసు కనక? దాని ఎదురుగా గొంతుక్కూర్చుని, పాలగ్లాసు చూపించి, పెదవి కింద తట్టాడు. అది ఆయన్నే చూసి చూసి, తన చిట్టి బొటనవేలితో తట్టింది.

ఇక దాన్ని పట్టేవాళ్లెవరు? షాపులో చాయ్ అయిన సైగ మా ఇంట్లో పాలైంది, తర్వాత నీళ్లూ దాహమూ అయింది. సూపర్‌వైజర్ సైగ మొదట ముక్కు మీద కోపముండే మా పెదనాయనకు పేరైంది, పోను పోను గద్దించే ప్రతి మనిషికీ పేరైంది. గడ్డం కింద రెండు వేళ్లాడిస్తే మేక అని అదే కల్పించింది. ఇస్మాయిల్‌ఖాన్‌పేట గుడిలో దుర్గమ్మ అనడానికి కళ్లు పెద్దవి చేసి, తన నుదుట బొట్టు దిద్దినట్టు చూపేది. మేమందరం దాని వెనక పడి నేర్చుకునేవాళ్లం.

ఊళ్లోవాళ్లు అవి మూగసైగలన్నారు. వాళ్లను వదిలేయండి. సంగారెడ్డిలో చెవిటిపిల్లలకు మాటలు నేర్పే ఒక మేడమ్, చేతులు ఆడుతుంటే నోరు తెరుచుకోదనీ, చేతులు కట్టేస్తేనే మాటలొస్తాయనీ చెప్పింది. ఒక్కసారి 'అమ్మా' అనిపించుకోవాలన్న ఆశతో మా అమ్మ పాత చీరపేలిక చించి, పొద్దున లేవగానే దాని మణికట్లు కట్టేది. చదువుకున్నవాళ్ల మాట కాదనే ధైర్యం నాయనకు లేకపోయింది. ఆ వానాకాలమంతా నా చెల్లెలు గడపలో కూర్చుని చూరునీళ్లు చూసింది. నోటిమాట రాలేదు, ఉన్న చేతిమాటా పోయింది. ఆ పేలికను తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

సద్దుల బతుకమ్మ వచ్చింది. వాకిట్లో తంగేడు, గునుగు పూల కుప్పలు, ఇంట్లో రొట్టెలూ బెల్లమూ కలిపి దంచిన మలీద ముద్దల ఘుమఘుమ. కొత్త లంగా తొడగడానికి అమ్మ సుజాత కట్లు విప్పింది. బతుకమ్మ పేర్చి వచ్చేసరికి పళ్లెంలో ముద్దలు తగ్గిపోయాయి. ఎవరు తిన్నారని అమ్మ కళ్లెగరేసింది. మూతికి బెల్లం పూసుకున్న సుజాత చటుక్కున గడ్డం కింద వేళ్లాడించి, పెరడు చూపించి, కసాబిసా నమిలి చూపించింది. పెరట్లో మేక లేదు. దాన్ని ఎప్పుడో అమ్మేశాం.

మా నాయనమ్మ పడీ పడీ నవ్వి, ఉన్నట్టుండి గొంతు మార్చి అమ్మతో అంది:

"కోడలా, పిల్ల అబద్ధమాడింది సూడు. మాటలు రానోళ్లు అబద్ధమెట్ల ఆడ్తరే? ఇగ కట్లు కట్టినవంటే నీ చేతులు నేను కడ్త."

అమ్మ పేలిక తీసుకుపోయి పొయ్యిలో పెట్టింది. ఆ రోజు సుజాతను ఎవరూ తిట్టలేదు.

మనిషికి మొదట నోరు తిరిగిందా, చెయ్యి తిరిగిందా అని పండితులు ఇంకా వాదించుకుంటున్నారట. వాదించుకోనీ. మా ఇంట్లో మాట ఎలా పుట్టిందో, ఎలా ఎదిగిందో నా కళ్లతో చూశాను. నన్నెవరూ ఒప్పించనక్కర్లేదు.

పోయినేడు నాయన ఆసుపత్రిలో పడ్డాడు. గొంతులో గొట్టం వేశారు. పేషెంటు మాట్లాడలేడు, అద్దంలోంచి చూసి వెళ్లిపొమ్మని నర్సు చెప్పింది. నోరున్నవాళ్లందరూ ఆ అద్దం ముందు కళ్లు తుడుచుకుని పోతుంటే, సుజాత ముందుకు వెళ్లి చేతులెత్తింది. నాయన చెయ్యి లేచింది. వానలు పడ్డాయా అని అడిగాడు, బర్రె ఈనిందా అని అడిగాడు. అది చేతులతోనే చెప్పింది, ఆయన నవ్వాడు కూడా. చివరికి అయిదు వేళ్లూ నోటి దగ్గర పెట్టి కనుబొమలెత్తాడు. తిన్నవా బిడ్డా, అని. తెల్లారేసరికి ఆయన లేడు.

ఆ షెడ్డు ఇప్పుడు గోదాము. ఆ చేతుల వాళ్లందరూ తలోదిక్కు పోయారు. సుజాతకు చెవిటివాళ్ల సంఘంలో నేర్పిన పద్ధతైన సైగలూ వచ్చు, కానీ మా సైగలు తెలిసినవాళ్లం అమ్మా, అదీ, నేనే మిగిలాం. దానికి లిపి లేదు, బడి లేదు. అయినా అది భాష కాదని నా ముందు ఎవరూ అనలేరు. మా నాయన ఆఖరి మాట ఆ భాషలోనే ఉంది.