కాలు రాని బిందె

మా నాయనకు తెలుగులో బాగా నచ్చిన మాట 'గట్టి'. ఇంట్లో పెరుగు గట్టిగా ఉండాలి, దోసెలోకి చట్నీ గట్టిగా ఉండాలి, ఎవరి పెళ్ళికి పోయినా గట్టిమేళం వీధి చివరిదాకా వినబడాలి. ఎవరినైనా మెచ్చుకోవాలంటే 'గట్టి మనిషి' అనేవాడు. తిట్టాలన్నా అదే మాట, గొంతు కాస్త మార్చి.

చిత్తూరు బజారులో మాకు ప్లాస్టిక్ సామాన్ల అంగడి ఉండేది. డిగ్రీ అయ్యాక ఉద్యోగం దొరికేదాకా నేనూ నాయనతో పాటు అక్కడే కూర్చున్నాను. ఎండాకాలం ట్యాంకరు దగ్గర తోపులాటలో బిందెలు నలిగిపోయేవి కాబట్టి, కొనడానికి వచ్చినవాళ్ళు మొదట అడిగేది "గట్టిదేనా?" అనే. నాయన గట్టిదే అనేవాడు. పక్క అంగడాయనా అదే అనేవాడు. ఆ వరసలో అందరి బిందెలూ గట్టివే.

ఈ చిక్కును మేడమీద అద్దెకుండే తెలుగు అయ్యవారి ముందు పెట్టాడు నాయన. ఆయన రిటైరై చాలా కాలమైంది. రోజూ మా అంగట్లో స్టూలు మీద కూర్చుని పేపరు చదివేవారు. అడిగిందే తడవుగా దృఢం, పటిష్టం, దిట్టం, దుర్భేద్యం అంటూ మొదలుపెట్టి, టీ చల్లారిపోయేదాకా ఒక్కోదానికీ తేడా చెప్పారు. నాయనకు వాటిలో 'అభేద్యం' నచ్చింది. ఎందుకని అడిగితే, పలికితే నోరు నిండుతోంది అన్నాడు. వారం తిరక్కుండా అంగడి ముందు 'అభేద్యమైన బిందెలు లభించును' అని ఫ్లెక్సీ లేచింది.

ఆ ఫ్లెక్సీ మాకు మనశ్శాంతి లేకుండా చేసింది. ఒకాయన అది కంపెనీ పేరనుకుని, అభేద్యంలో చిన్న సైజు ఉందా అని అడిగాడు. ఒకామె అభేద్యం వద్దు, మామూలుది ఇమ్మంది. ప్రతి ఒక్కరికీ అర్థం చెప్పి చెప్పి నాయన గొంతు పోయింది.

అట్లాంటి రోజుల్లో కార్వేటినగరం నుంచి ఒక పెద్దామె వచ్చింది. ఫ్లెక్సీని కూడబలుక్కుని చదివి, అంటే ఏందని అడిగింది. నాయన ఇక మాటలు పెట్టుకోలేదు. నీలంరంగు బిందె ఒకటి బోర్లించి, దాని మీదికెక్కి నిలబడ్డాడు. బిందె కదల్లేదు. పెద్దామె మొహంలోనూ ఏమీ కదల్లేదు.

"బోర్లిస్తే ఏదైనా నిలస్తాది నాయనా. మేము నీళ్ళు బోర్లించి పట్టుకుంటామా?" అనింది.

ఆ మాటకు నాయనకు పౌరుషం వచ్చింది. బిందెను మామూలుగా నిలబెట్టి, దాని అంచు మీద కాలుపెట్టి ఎక్కబోయాడు. కాలు జారి, పాదం మూతిలోంచి సర్రున లోపలికి దిగిపోయింది. పిక్కదాకా బిందెలోనే. బయటికి లాగితే మడమ అడ్డం పడింది.

మొదట మేమంతా నవ్వాము. నాయన కూడా నవ్వినాడు. కాసేపటికి నవ్వడం మానేశాడు. ఎదురు బేకరీ ఆయన వచ్చి బిందె పట్టుకున్నాడు, నేను నాయన భుజాలు పట్టుకున్నాను. లాగేసరికి ముగ్గురమూ, బిందెతో సహా, అంగడి మెట్టు దిగి రోడ్డు మీదికొచ్చాము. అయ్యవారు మాత్రం స్టూలు మీద నుంచి లేవకుండా, చూశారా, ఇదీ అభేద్యమంటే అన్నారు. ఇప్పుడు ఆ మాటకు అర్థం అడిగేవాళ్ళెవరూ అక్కడ లేరు.

ఇనుప సామాన్ల అంగడాయన రంపపు బ్లేడు తెచ్చాడు. నాయన బిందెను రెండు చేతులా కావలించుకుని, కోయనివ్వనన్నాడు.

"కోయనీప్పా," అనింది పెద్దామె, నింపాదిగా. "తెగితే నేను కొనేదానికి లేదు. తెగకపోతే రెండు తీసుకుంటా."

నాయన ఇరకాటంలో పడ్డాడు. బిందె తెగితే కాలు వస్తుంది, బేరం పోతుంది. తెగకపోతే బేరం ఉంటుంది, కాలు ఉండదు. జనం గుమిగూడారు. ఫోన్లు పైకి లేచాయి. నాయన కళ్ళు మూసుకుని, కోయమని తల ఊపాడు. బ్లేడు జర్రున జారింది, మళ్ళీ జారింది, మూడోసారి పుటుక్కున విరిగింది. బిందె మీద గోరుతో గీసినంత గీత పడింది.

అంత సంతోషం నాయన మొహంలో నేనెప్పుడూ చూడలేదు. కాలికి బిందె తగిలించుకునే టకాటకామని లోపలికి నడిచి, పై అరలోంచి రెండు బిందెలు తనే దించి పెద్దామెకు ఇచ్చాడు.

ఎవరో పంపిన వీడియో చూసి మా అమ్మ పరుగున వచ్చింది, చెంబునిండా కుంకుడు రసంతో. రసం బిందెలోకి వంపి, నాయనను స్టూలు మీద కూర్చోబెట్టింది.

"నువ్వు కాలు అంత గట్టిగా బిగబట్టుకుంటే అదెట్ల వస్తాది? వేళ్ళు కిందికి వాల్చు. మెత్తగా ఉండు కొంచెంసేపు."

మెత్తగా ఉండటం నాయనకు అలవాటు లేని పని. రెండుమూడుసార్లు ఊపిరి వదిలాక పుచుక్కుమని కాలు బయటికి వచ్చింది, నురగతో, పుట్టినబిడ్డ కాలంత తెల్లగా.

పెద్దామె ఇంకా పోలేదు. తన చేతిలో ఉన్న ఒక బిందె తిరిగిచ్చి, తనకు ఆ పరీక్ష పెట్టిన బిందే కావాలంది. కాలు పెట్టిందాంట్లో నీళ్ళెట్ల పడతావని అమ్మ అడిగితే, కుంకుడు రసంతో కడిగిందే కదా అని, దాన్ని చంకన పెట్టుకుని బస్టాండు దారి పట్టింది.

మరుసటి రోజు నుంచి మా అంగడికొచ్చిన వాళ్ళు గట్టి అనలేదు, అభేద్యం అసలే అనలేదు. "కాలు రాని బిందె ఉండాదా?" అని అడిగారు. రేణిగుంట నుంచి మా మేనమామ ఫోను చేసి అదే అడిగాడు. ఫ్లెక్సీ మార్చుదామా అని నేనడిగితే, అయ్యవారు నొచ్చుకుంటారని నాయన ఒప్పుకోలేదు. అయ్యవారే ఒక సాయంత్రం దాన్ని తలెత్తి చూసి, జనం చేసిన మాటే బాగుంది, మార్చేయమన్నారు.

తర్వాత రెండేళ్ళకు నా పెళ్ళి కుదిరింది. మా వీధి పెద్దాయన ఒకరు అవతలి సంబంధంవాళ్ళకు మా ఇంటి గురించి చెబుతూ, వీళ్ళ మాట కాలు రాని బిందె అన్నాడట. వాళ్ళు అది పొగడ్తో, హెచ్చరికో తెలియక, ఎట్లాగూ కాలు పెట్టేశాము కదా అని ముహూర్తం తొందరగా పెట్టించారు.