బెల్లు కొట్టని చుట్టం

2023 వేసవి. సత్తుపల్లి దాటి అశ్వారావుపేట వైపు వెళ్తుంటే రోడ్డుకు రెండు పక్కలా పామాయిల్ తోటలు కమ్ముకొస్తాయి. ఆ తోటలు అయిపోయే చోట అడవి మొదలవుతుంది. ఆ అంచున ఉన్న ఒక ఊళ్లో, సుబ్బారావు గారనే రైతు ఇంట్లో కొత్త స్మార్ట్ టీవీని హోం ఆటోమేషన్‌కు కలపడానికి వెళ్లాను. పూటలో అయిపోయే పని. నాకు మూడు నెలలు పట్టింది.

నేను చదివింది ఐటీఐ ఎలక్ట్రీషియన్ ట్రేడు. బతికింది మాత్రం పదిహేనేళ్లు ఒక దినపత్రిక విలేకరిగా, అదే ప్రాంతంలో. తర్వాత మళ్లీ వైర్ల దగ్గరికి వచ్చి ఖమ్మంలో చిన్న షాపు పెట్టుకున్నాను. అటువైపు ఊళ్లలో నన్ను ఇప్పటికీ ‘రిపోర్టర్ గారూ’ అనే పిలుస్తారు. నిచ్చెనెక్కి స్క్రూలు బిగిస్తున్నా అదే పిలుపు.

హోం ఆటోమేషన్ అంటే ఇంట్లోని లైట్లు, ఫ్యాన్లు, కెమెరా, టీవీ ఒకదాని మాట ఒకటి వినేలా చేయడం. మధ్యలో సబ్బుపెట్టెంత హబ్ ఒకటి ఉంటుంది. పత్రికలో డెస్కు ఎలాంటిదో ఇంట్లో హబ్ అలాంటిది. అన్ని కబుర్లూ దాని దగ్గరికే వస్తాయి, ఏది ఎవరికి చేరవేయాలో అదే చూసుకుంటుంది.

సుబ్బారావు గారికి ఇలాంటివంటే మోజు. బోరు మోటారును ఫోన్‌తో ఆన్ చేసే స్టార్టర్ ఆ ఊళ్లో మొదట పెట్టించింది ఆయనే. “తోటలో మోటారు నా మాట వింటుంది. హాల్లో టీవీ ఎందుకు వినదండీ?” అన్నారు నన్ను చూడగానే. లైట్లు, ఫ్యాను, గేటు కెమెరా, బెల్లు అన్నీ టీవీకి కలపాలని చీటీ రాసి ఉంచారు.

ఆయన భార్య నాగమణి గారు కాఫీ తెచ్చారు. యాభై దాటి ఉంటాయి. వచ్చీ రాగానే మాట మొదలుపెట్టి, ఎండల గురించి, గెలలు కోసే కూలీల గురించి, ఖమ్మం రోడ్డు గురించి ఆపకుండా మాట్లాడారు. మధ్యలో ఒక్క ప్రశ్న అడుగుదామన్నా సందు దొరకలేదు. కలుపుగోలు మనిషి అనుకున్నాను. ఆవిడ వంటింట్లోకి వెళ్లాక సుబ్బారావు గారికి మంచినీళ్లు కావలసి వచ్చాయి. ఆయన పిలవలేదు. గోడ దగ్గరికి వెళ్లి వంటింటి లైటు స్విచ్ రెండుసార్లు ఆపి, మళ్లీ వేశారు. ఆవిడ చెంబుతో వచ్చారు.

నేను చూసిన సంగతి ఆవిడ చూశారు.

పని చేస్తుండగా నా పక్కకు వచ్చి నిలబడ్డారు. “అన్నయ్యగారూ, ఆయన సరదాలు ఆయనవి. నాకు ఒక్కటే కావాలి. గేటు దగ్గరికి ఎవరైనా వస్తే నాకు తెలియాలి.”

రెండేళ్లుగా చెవులు వినబడటం లేదు ఆవిడకు. చెవి మెషిన్ పెట్టుకుంటే గిన్నెల చప్పుడూ ఫ్యాను చప్పుడూ కలిసి తల తిరుగుతోందని సొరుగులో పడేశారు. ఎదురుగా ఉండి నెమ్మదిగా మాట్లాడితే పెదాలు చూసి అర్థం చేసుకుంటారు. ఊళ్లో ఎవరికీ చెప్పలేదు. ఆ ఆపకుండా మాట్లాడటం అందుకే. ఎదుటివాళ్లకు అడిగే వీలు లేకపోతే వినబడలేదన్న సంగతి బయటపడదు.

“ఊళ్లో వాళ్లు గీర అనుకుంటున్నారు. అనుకోనీండి,” అన్నారు. “ముత్తమ్మ కూడా అనుకుంది. అదే తట్టుకోలేకపోతున్నాను.”

ముత్తమ్మది అడవి లోపలి కోయగూడెం. ఎండాకాలం తేనె, చింతపండు, వానలు పడితే కూరకు లేత వెదురు కొమ్ములు తెచ్చేది. నాగమణి గారి పుట్టినిల్లు కృష్ణా జిల్లా. కొత్త కాపురానికి వచ్చి తోడు లేక దిగాలుగా ఉన్న రోజుల్లో మొదట దగ్గరైన మనిషి ముత్తమ్మే. అమ్మకం పది నిమిషాలు, కబుర్లు పూటంతా. వెనక వసారాలో కూర్చుని చింతపండు పిక్కలు తీస్తూ ఇద్దరూ ఒకరి పిల్లల పెళ్లిళ్లు ఒకరు చేశారు. అలాంటి మనిషి ఏడాదిగా రావడం లేదు. సంతలో ఎదురుపడితే ఏదో అని, ముఖం తిప్పుకుని వెళ్లిపోయింది. ఏమన్నదో వినబడలేదు.

“ఏమన్నా సరే. నవ్వలేదండీ నన్ను చూసి,” అన్నారు నాగమణి గారు.

“చెవుల సంగతి చెప్పేస్తే సరిపోతుంది కదమ్మా?”

“చెబితే జాలిపడి వస్తుంది. నాకు ముత్తమ్మ కావాలి గానీ జాలి వద్దు. మీరు కూడా చెప్పకండి.”

పేరు రాయొద్దని ఎవరైనా అడిగితే రాయకుండా ఉండటం పాత వృత్తిలో అలవాటైన పనే. సరేనన్నాను.

గేటు స్తంభానికి బెల్లు, పైన కెమెరా బిగించాను. ఎవరైనా బెల్లు నొక్కితే ఆ కబురు హబ్‌కు చేరుతుంది. హబ్ టీవీని నిద్రలేపి, గేటు దగ్గరున్న మనిషి బొమ్మను తెర మూలన చూపిస్తుంది. వంటింట్లో ఒక బల్బు కూడా మిణుకుతుంది. నేనే బయటికి వెళ్లి నొక్కి చూశాను. నాగమణి గారు గుమ్మంలోకి వచ్చి, “అన్నయ్యగారూ, టీవీలో పడ్డారు! జుట్టు సరిచేసుకోండి!” అని చిన్నపిల్లలా నవ్వారు.

వారం తర్వాత సుబ్బారావు గారి ఫోన్. “రిపోర్టర్ గారూ, బల్బు మిణుకుతోంది గానీ టీవీ పలకట్లేదండీ.”

వెళ్లి చూస్తే టీవీ వెనక బోర్డు మీద స్విచ్ ఆపేసి ఉంది. టీవీని రిమోట్‌తో ఆపితే అది స్టాండ్‌బైలో ఉంటుంది. అంటే కళ్లు మూసుకుని చెవులు తెరిచి పడుకున్నట్టు. హబ్ పిలిస్తే లేస్తుంది. గోడ దగ్గర స్విచ్ ఆపేస్తే పిలుపు వినే దారే ఉండదు.

“ఎవరు ఆపారు సార్?”

“నేనే. మబ్బు పట్టింది కదా.”

“ఫోన్‌తో మోటారు నడిపే మీరు...”

“మోటారు వేరు, టీవీ వేరు. మా పాత టీవీ పిడుగుకే పోయింది. ఉరిమితే మా నాన్న స్విచ్ ఆపి, ప్లగ్గు పీకి, దాన్ని గోడకు దూరంగా పెట్టేవాడు. నేను ప్లగ్గు పీకడం మానేశా. అదే గొప్ప!”

అడవి అంచున పిడుగులు ఎలా పడతాయో తెలిసినవాణ్ని, వాదించలేదు. పోనీ ఉరుములు తగ్గాక స్విచ్ వేసినా పని జరగడం లేదు. ప్రతి పరికరానికీ ఐపీ అడ్రస్ ఉంటుంది, ఇంటి నంబరు లాంటిది. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా రౌటర్ టీవీకి కొత్త నంబరు ఇస్తోంది. హబ్ పాత ఇంటి తలుపే తడుతోంది. టీవీకి నంబరు మారకుండా స్థిరం చేశాను. ఇక ఆయన ఎన్నిసార్లు ఆపినా, వేయగానే అన్నీ తమంతట తాము కలుస్తాయి. ఉరుములు ఆగగానే స్విచ్ వేస్తానని సుబ్బారావు గారు భార్య ముందు నిలబడి, ఆవిడ పెదాలు చదివేలా ఒక్కొక్క ముక్కా పలుకుతూ ఒప్పుకున్నారు.

పని అయిపోయిందనుకున్నాను.

జూలైలో మళ్లీ ఫోన్. ఈసారి ఆయన గొంతులో హుషారు లేదు. “అంతా బాగానే పనిచేస్తోందండీ. ఒకసారి రండి.”

వెళ్లేసరికి నాగమణి గారు టీవీ ముందు కూర్చుని ఉన్నారు. తెర మీద కెమెరా దాచిన పాత రికార్డింగ్. అంతకుముందు రోజు ఉదయం. గేటు బయట నెత్తిన బుట్టతో ముత్తమ్మ. సన్నగా, పొడుగ్గా ఉంది. బుట్ట దించింది. గేటు గడియ పట్టుకుని టకటకలాడించింది. నోరు తెరిచి పిలిచింది. ఆగింది. మళ్లీ పిలిచింది. బెల్లు ఆమె చేతికి జానెడు దూరంలో ఉంది. దానివైపు చూడలేదు. మూడోసారి పిలిచి, బుట్ట ఎత్తుకుని వెళ్లిపోయింది.

“అక్కా అంటోంది,” అన్నారు నాగమణి గారు తెర మీద ముత్తమ్మ పెదాలు చూపిస్తూ. “ఇన్నాళ్లకు వచ్చింది. ఇక్కడే, ఇదే కుర్చీలో కూర్చుని టీవీ చూస్తున్నానండీ నేను.”

 రిమోట్ నొక్కి ఆ రికార్డింగ్ మళ్లీ మొదటి నుంచి పెట్టారు.

నేను మిగతా రికార్డింగులన్నీ తిరగేశాను. పాలాయన గేటు కొట్టి కేకేశాడు. ఎరువుల కొట్టు మనిషి గడియ ఆడించి కేకేశాడు. పక్కింటావిడ గడియ తీసుకుని నేరుగా వచ్చేసింది. పరీక్షించడానికి నొక్కినవి పోతే, బెల్లు నొక్కినవాళ్లు ఇద్దరే, ఒకసారి కొరియర్ కుర్రాడు, ఒకసారి నేను. పదిహేనేళ్లు ఇవే ఊళ్లలో వార్తల కోసం తిరిగాను. ఏ గేటు దగ్గరా బెల్లు నొక్కిన గుర్తు నాకే లేదు. గడియ ఆడించి, ‘ఏమండోయ్’ అని కేకేసినవాణ్నే. సామాన్ల డబ్బాలో బెల్లు ఉంది కాబట్టి బిగించాను. అంతే.

ఆ వారం సంతకు వెళ్లాను. ముత్తమ్మ వెదురు కొమ్ముల కుప్ప ముందు కూర్చుని ఉంది. నన్ను గుర్తుపట్టింది.

“ఏంది పేపరాయనా, గిట్ల వచ్చినవ్? పేపరు బందు చేసి టీవీలు బిగిస్తున్నవంట గద?”

“అవ్. సుబ్బారావు గారింట్ల గూడ నేనే బిగించిన.”

ముఖం మారిపోయింది. “మంచి టీవీనే బిగించినవ్. పోయినేడు పాత టీవీ ఉన్నప్పుడే ఊరంత వినబడేటట్టు పెట్టుకున్నది. గేటు కాడ నిలబడి పిలిచిన, గడియ కొట్టిన. లోపల టీవీ మోగుతనే ఉన్నది, మనిషి పలకదు. మొన్న మనసొప్పక మల్ల పోయిన. గదే కత. నాకన్న టీవీ ఎక్కువైందా అక్కకు?”

నాకు అప్పుడు అర్థమైంది. వినబడక టీవీ శబ్దం పెంచుకుంది ఒకరు. ఆ శబ్దమే విని, ఇంట్లో ఉండీ పలకడం లేదనుకుంది ఇంకొకరు. సంగతి నాలుక చివరిదాకా వచ్చింది. మాట ఇచ్చాను కదా, మింగేశాను.

“గేటుకు బెల్లు పెట్టినం గదా, నొక్కలేకపోయినవా?”

ముత్తమ్మ నన్ను ఎగాదిగా చూసింది. “బెల్లు బయటోళ్లకు సారూ. కరెంటు బిల్లాయన కొడతడు, నీ అసుంటోళ్లు కొడతరు. అక్క ఇంటికి పోయి నేను బెల్లు కొట్టాల్నా? గా దినం వస్తే గా ఇంటికే పోను.”

 రెండు కట్టలు వెదురు కొమ్ములు కావాలన్నాను. “బుధవారం పొద్దున సుబ్బారావు గారింట్ల పని ఉన్నది. ఆడికి తెస్తవా?”

“నీకోసం తెస్త. ఆమె కోసం గాదు,” అంది.

మంగళవారమే వెళ్లి గేటు గడియ వెనక వైబ్రేషన్ సెన్సర్ బిగించాను. అగ్గిపెట్టె అంత ఉంటుంది. ఇనుము కదిలితే, అదిరితే హబ్‌కు చెబుతుంది. బెల్లుకు టీవీ ఎలా స్పందించేదో, ఇప్పుడు గడియకూ అలాగే. మొదట గాలికి గేటు ఊగినా టీవీలో బొమ్మ వచ్చింది. ఒక కుక్క ఒళ్లు రుద్దుకున్నా వచ్చింది. ఎంత గట్టిగా అదిరితే కబురు పంపాలో సరిచేయడానికి సాయంత్రం దాకా పట్టింది. సుబ్బారావు గారు గేటు దగ్గర నిలబడి, పాలాయనలా ఒకసారి, ఎరువుల మనిషిలా ఒకసారి గడియ ఆడించారు. “ముత్తమ్మ ఇంతకన్నా గట్టిగా కొడుతుందండీ, కోపంలో ఉంది కదా,” అంటూ ఇంకోసారి.

బుధవారం మబ్బు పట్టింది. సుబ్బారావు గారు రెండుసార్లు బోర్డు వైపు నడిచి, రెండుసార్లు వెనక్కి వచ్చి చేతులు కట్టుకుని కూర్చున్నారు. నాగమణి గారు టీవీ ముందు చిక్కుడుకాయలు ఒలుస్తున్నారు. ముత్తమ్మ వస్తుందని ఆవిడకు చెప్పాను. చెవుల సంగతి నేను చెప్పలేదనీ చెప్పాను.

సీరియల్ నడుస్తుండగా తెర మూలన చిన్న బొమ్మ తెరుచుకుంది. గేటు, బుట్ట, గడియ మీద చెయ్యి. ఆ నోరు ఇంకా పిలవనే లేదు. నాగమణి గారు లేచారు. ఒళ్లోని చిక్కుడుకాయలు నేల మీద చెల్లాచెదురయ్యాయి. చెప్పులు వేసుకోలేదు.

సుబ్బారావు గారూ నేనూ వెంట వెళ్లలేదు. హాల్లోనే కూర్చుని టీవీలో చూశాం. ఆ బొమ్మకు శబ్దం రాదు. గేటు తెరుచుకుంది. ముత్తమ్మ చెయ్యి ఊపుతూ ఏదో అంటోంది, తిట్టే అయ్యుంటుంది. నాగమణి గారు మధ్యలో మాట కలపలేదు. పూర్తిగా అననిచ్చారు, ఆమె పెదాలనే చూస్తూ. తర్వాత తన చెయ్యి ఎత్తి ఒక చెవి ముట్టుకున్నారు. రెండో చెవి ముట్టుకున్నారు. తల అడ్డంగా ఊపారు.

ముత్తమ్మ చెయ్యి గాల్లో ఆగిపోయింది. బుట్ట దించింది. ముందుకు వచ్చి నాగమణి గారి భుజం మీద ఒక్కటి చరిచింది, బాగా గట్టిగా. “ఎందుకు చెప్పలేదే అని,” అన్నారు సుబ్బారావు గారు, వినబడినట్టే. ఆయన కళ్లు తుడుచుకున్నారు. నేను టీవీ వైపే చూశాను.

ఆ పూట వాళ్లిద్దరూ వెనక వసారాలో కూర్చున్నారు. ముత్తమ్మ ఎదురుగా బాసింపట్టు వేసుకుని, అక్కకు తన ముఖం కనిపించేలా వెలుతురు వైపు తిరిగి మాట్లాడింది. అలా కూర్చోమని ఆమెకు ఎవరూ చెప్పలేదు. జాలి నాకు కనబడలేదు. “చెవులు పోతే పోయినయ్, బుద్ధి గూడ పోయిందా?” అని అడగడం మాత్రం విన్నాను. నా వెదురు కొమ్ములు ఆ ఇంటి కూరలోకే పోయాయి.

విలేకరిగా ఉన్నప్పుడు ఎవరు, ఎప్పుడు, ఎక్కడ, ఎందుకు అని అడగనిదే వార్త రాసేవాణ్ని కాదు. షాపు పెట్టాక అవన్నీ మానేసి, టీవీ ఏ కంపెనీ, రౌటర్ ఏ గదిలో అని మాత్రమే అడగడం అలవాటైంది. ఇప్పుడు ఏ ఇంటికి వెళ్లినా డ్రిల్లు తీయకముందు ఇంటివాళ్లతో ఒక మాట అడుగుతున్నాను, మీవాళ్లు వస్తే మిమ్మల్ని ఎలా పిలుస్తారు అని. కొందరు వింతగా చూస్తారు. జవాబు మాత్రం ప్రతి ఇంట్లో వేరేగా ఉంటుంది.

ఆ గడియ సెన్సర్ ఇప్పటికి రెండుసార్లు మార్చాను. ముత్తమ్మ కొట్టుడుకు అవి ఆగడం లేదు. స్తంభానికున్న బెల్లు మాత్రం కొత్తదానిలాగే మెరుస్తోంది. మొన్న వెళ్లినప్పుడు నేనూ దాన్ని నొక్కలేదు.