మిస్ఫా కొండ ఊరికి, పెద్దమ్మను చూడడానికి

రెండు నెలలుగా పెద్దమ్మ దగ్గర నుంచి ఫోన్ లేదు. కడప దగ్గరి పల్లె నుంచి వచ్చి, నిజ్వా అవతల మిస్ఫా అనే కొండ ఊళ్ళో ఒక ఇంట్లో పనిచేస్తోంది. ఈ దేశంలో ఆమెకున్న సొంత మనిషిని నేనొక్కదాన్నే. మస్కట్‌లో ఒక బడి లైబ్రరీలో నా ఉద్యోగం. అమ్మ ఫోన్‌లో ఏడ్చిన మరుసటి గురువారం, సెలవు చూసుకుని బయలుదేరాను. అది 2008 చలికాలం.

మస్కట్‌లోని రువీలో పొద్దున్నే బస్సెక్కితే రెండున్నర గంటల్లో నిజ్వా చేరతాం. టికెట్ రెండు రియాళ్ళ లోపే. అల్ హమ్రా దాకా షేర్ టాక్సీలు దొరుకుతాయి, కొండ మీదికి మాత్రం విడిగా మాట్లాడుకోవాలి. నాకు దొరికిన డ్రైవర్ మిస్ఫా మనిషే, పెద్దాయన. దారంతా హిందీలో ఊరి సంగతులు చెప్పాడు. ఊరికంటే ఫలజ్, అంటే వాళ్ళ నీటి కాలువ, పాతదట. ఆ నీళ్ళు ఖర్జూర తోటలకు వంతులవారీగా పారతాయి. ఎవరి వంతు ఎప్పుడన్నది పూర్వం పాతిన కర్ర నీడను బట్టి తేల్చేవారు. రోడ్డు పడ్డాక చాలామంది కింద కొత్త ఇళ్ళు కట్టుకున్నారు, కానీ పెళ్ళికైనా చావుకైనా పైకే వస్తారు. పెద్దమ్మ గురించి అడిగితే, ఆ ఇల్లు చూపిస్తాను గానీ లోపలి ఆడవాళ్ళ సంగతి తనకు తెలియదన్నాడు. అక్కడి నుంచి నాకు ఆయన మాటలు సరిగా వినిపించలేదు.

కారు ఊరి మొదట్లోనే ఆగిపోతుంది. రాతి మెట్ల సందులో ఆయన చూపిన తలుపును, కాన్వెంట్‌లో నేర్పినట్టు మెల్లగా తట్టి పక్కకు జరిగి నిలబడ్డాను. లోపల ఆడవాళ్ళ మాటలు వినిపిస్తున్నాయి. ఎవరూ రాలేదు. మళ్ళీ తట్టాను. ఈసారి మాటలే ఆగిపోయాయి. పెద్దమ్మను నాకు కనిపించకుండా దాచారనుకున్నాను. తోటల వైపు నుంచి గడ్డిమోపుతో వచ్చిన ఒకామె నన్నూ, మూసిన తలుపునూ చూసి, లోపలికి రావచ్చా అని అడిగేటట్టు "హూద్, హూద్" అని గట్టిగా కేకేసింది. వెంటనే గడియ తీసిన చప్పుడు.

తీసింది పెద్దమ్మే. భుజాన పసిబిడ్డ.

"తట్టింది నువ్వా పిల్లా? యెవురో మగోడనుకోని అందురూ ముసుగులేసుకోని కూచున్యారు. నోరుంది కదా, అరిచేదానికేం?"

లోపల బాలింత చుట్టూ ఊరి ఆడవాళ్ళు. ఇంటి కోడలికి కాన్పయిందట. నలభై రోజులూ కాఫీ, ఖర్జూరాలు అందిస్తూ ఉండడమే పెద్దమ్మ పని. ఫోన్ ఏమైందని అడిగాను.

"ఫలజ్‌లో పడిపాయ. నంబర్లన్నీ దాంతోనే పాయ. మీయమ్మకు చెప్పు, చిక్కిపోలేదు, లావైనానని."

ఆ మాట ఆమే అరబ్బీలో చెప్పేసరికి అందరూ నవ్వారు. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. సాయంత్రం బిడ్డను ఎవరికో అప్పగించి, సిగ్నల్ దొరికే మలుపు దాకా దిగి, నా ఫోన్‌లో అమ్మతో తనే మాట్లాడింది. నేను పక్కన నిలబడి విన్నాను.

ఎవరూ తీయని ఆ తలుపు ముందు నేనెన్నో ఊహించుకున్నాను. లోపల ఉన్నది ఒక పురిటిల్లు, చుట్టూ దాన్ని కాచుకుని ఉన్న ఊరి ఆడవాళ్ళు. తిరుగు బస్సులో నిజ్వా దాటక ముందే నిద్రపోయాను. అలా నిద్రపట్టి చాలా రోజులైంది. మిస్ఫా వెళ్ళే ఆడవాళ్ళకు ఒక్క మాట: తలుపు తట్టి ఊరుకోకండి, మీ గొంతు వినిపించండి.