టవర్ ఎదుటి కిటికీ

లాయర్ల నల్లగౌన్లు కుట్టీ కుట్టీ ఆమెకు గౌన్లమ్మ అన్న పేరే స్థిరపడిపోయింది. నల్లగుడ్డ మీద నల్లదారం కనబడాలంటే వెలుతురు కావాలి. అందుకని మిషను కిటికీ పక్కకు లాక్కుని కూర్చునేది. ఎదురుగా, అవతలి మేడ మీద సెల్ టవర్.

తలనొప్పి టవర్ కంటే ముందే వచ్చింది. ఆ సంగతి ఆమె మరిచిపోయింది, ఎవరమైనా మరిచిపోతాం. ముగ్గురు డాక్టర్లు తలా నాలుగు నిమిషాలు చూసి "ఏమీ లేదమ్మా" అన్నారు. నొప్పితో గిలగిల్లాడే మనిషితో అనాల్సిన మాటేనా అది? కొలతలివ్వడానికి వచ్చిన ఒక లాయరు మాత్రం అరగంట ఓపిగ్గా విని, కిటికీలోంచి చూసి, "అదెప్పుడు పెట్టారండీ?" అని అడిగాడు. ఆయన నీళ్లట్యాంకు వైపు చూసి ఉంటే ఆమె నీళ్లను అనుమానించేది.

ఆనాటి నుంచి నొప్పి వచ్చిన ప్రతి తేదీకీ క్యాలెండరులో గుండుసూది గుచ్చింది. నొప్పి రాని రోజులకు సూదీ లేదు, లెక్కా లేదు. నెల తిరిగేసరికి క్యాలెండరు ముళ్లపందిలా తయారైంది. మిషను వెనకగదికి మార్చింది. ఆ మసకవెలుతురులో నొప్పి ఇంకా ఎక్కువైతే, కిరణాలు గోడలు కూడా దాటొస్తున్నాయనుకుంది. ఇంట్లో సెల్‌ఫోన్ తీసేసింది.

కూతురు నర్సు. ఆసుపత్రి పిలుపు ఎప్పుడొస్తుందో తెలియదు, ఫోన్ ఆపడానికి వీల్లేదు. "అయితే గడప బయటే ఉండవే తల్లీ," అంది గౌన్లమ్మ. రెండేళ్లుగా ఆ పిల్ల మెట్ల మీద కూర్చునే మాట్లాడి వెళ్తోంది.

ఒక మధ్యాహ్నం గౌన్లమ్మకు జ్వరమొచ్చింది. పక్కింటావిడ కబురందుకుని, కూతురు ఆదరాబాదరాగా సంచితో సహా లోపలికొచ్చేసింది. తల్లి తల ఒళ్లో పెట్టుకుని నుదురు నొక్కింది. రెండు గంటలు గౌన్లమ్మ హాయిగా నిద్రపోయింది.

అప్పుడు సంచిలో ఫోన్ మోగింది. గౌన్లమ్మ కణతలు పట్టుకుని ముడుచుకుపోయింది. నటన కాదు, కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

కూతురు ఫోన్ ఎత్తి, "అరగంటలో వస్తాను," అని పెట్టేసింది.

"ఇంతసేపూ అది ఆన్‌లోనే ఉందా?"

"ఉందమ్మా. హడావిడిలో మర్చిపోయా."

గౌన్లమ్మ కణతల మీంచి చేతులు తీసింది. ఫోన్‌ది తప్పు కాదని ఒప్పుకుంటే, తలనొప్పికి మళ్లీ కారణం లేకుండా పోతుంది. దాన్నైనా ఓర్చుకోగలదు. ఓర్చుకోలేనిది ఇంకొకటుంది.

"అయితే రెండేళ్లూ నిన్ను ఊరికే మెట్ల మీద కూర్చోబెట్టానటే?"

కూతురు ఫోన్ పక్కన పెట్టి, తల్లి తలను మళ్లీ ఒళ్లోకి తీసుకుంది.

"నొప్పి ఎక్కడుందో చూపించమ్మా," అంది.